విశాఖ రేవు - ఓడ ఎక్కినవారి రక్షణ

2022 జూన్ 8వ తేదీన ‘ఎంప్రెస్’ అను విహారనౌక చెన్నపట్నము నుండి విశాఖపట్నము రేవునకు వచ్చి, పుదుచ్చేరి మీదుగా మరల చెన్నపట్నము పోవుటకు ఇక్కడి ప్రయాణికులను ఎక్కించుకొనెను. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో అట్టి ఓడల కొరకే కట్టిన ప్రత్యేకమైన టెర్మినలు విశాఖలో ప్రారంభమయ్యెను. నీళ్లమీద తేలు హోటలు వంటి ఆ ఓడలో ఈదుకొలను, నాటకశాల, భోజనశాలలు ఉండును. అయితే అవి అన్నియు అనుభవమునకు వచ్చుటకు ముందు ఒక తంతు జరుగును. ఏడు పొట్టి కూతలు, వాని వెనుక ఒక పొడుగు కూత వినవచ్చును. ఎవరు ఎక్కడ నిలువవలెనో, ఏ పడవలోనికి దిగవలెనో, లైఫ్‌జాకెట్టు పట్టీలు ఎట్లు బిగించుకొనవలెనో సిబ్బంది చూపుదురు. పెండ్లిలో పురోహితుడు చదువు మంత్రముల వలెనే దీనిని శ్రద్ధగా వినువారు తక్కువ. ఆ జాకెట్టుతో ఫోటోలు తీయించుకొనువారు ఎక్కువ.

ఆ పది, పదిహేను నిమిషముల తంతు వెనుక రెండు శతాబ్దములకు పైబడిన చరిత్ర గలదు. అందులో కొంత భాగము మన తీరముననే జరిగినది. ఓడలోని రక్షణ మొదట ఎవరికి అందెను, చివరకు ఎవరికి అందెను అను ప్రశ్నకు మన తెలుగువారి ప్రయాణములు చెప్పు సమాధానము అంత సంతోషకరము కాదు. దానిని గూర్చియే ఈ ప్రసంగము.

ఈనాడు విశాఖలో ఓడ నుండి నేరుగ రేవుగట్టు మీదికి దిగుచున్నాము. 1933 వరకు ఇది లేదు. విశాఖ, భీమునిపట్నము, కళింగపట్నము వంటి చోట్ల స్టీమరు తీరమునకు దూరముగా లంగరు వేసికొని నిలిచెడిది. మనుష్యులును, సరుకులును మసూలా పడవలలో కెరటములు దాటి దానిని చేరవలసియుండెను. మసూలా పడవకు మేకులుండవు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టుదురు. మేకులు కొట్టిన గట్టి పడవ ఒడ్డున విరుగు కెరటము తాకిడికి పగిలిపోవును. కుట్టిన పడవ వంగి, సాగి, దెబ్బను తనలో ఇముడ్చుకొనును. విదేశములందు చదివివచ్చిన ఇంజనీర్లకు తోచక ముందే మన పల్లెకారులకు తెలిసిన సూత్రమిది. పడవ వెంట కట్టుమరములు వచ్చెడివి. పడవ బోల్తాపడిన యెడల నీళ్లలో పడినవారిని లాగి పైకెక్కించుట వారి పని. మద్రాసు తీరమున ఆ విధముగా ప్రాణములు కాపాడిన కట్టుమరమువారికి ప్రభుత్వము పతకములు కూడ ఇచ్చినట్లు పాత గ్రంథములు చెప్పుచున్నవి. లైఫ్‌బోటు అను మాట మన తీరమునకు రాకముందే లైఫ్‌బోటు పని చేసినవారు వీరు.

ఒడ్డున కెరటము ఒక భయము. నడిసముద్రమున తుఫాను అంతకంటె పెద్ద భయము. గోదావరి ముఖమున నున్న కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టుటకును, బాగుచేయుటకును పేరుపొందిన రేవు. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో మరియొకసారి సముద్రము పొంగి ఆ ఊరిని ముంచివేసెను. రెండవ దెబ్బ తరువాత కోరంగి పూర్వవైభవమును తిరిగి పొందలేదు. అయితే ఆ పేరు మాత్రము ఒక గ్రంథమునకు ఎక్కినది. కలకత్తాలో ఓడల ప్రమాదములను విచారించు న్యాయసభకు అధ్యక్షుడైన హెన్రీ పిడింగ్టన్ అను ఆంగ్లేయుడు బంగాళాఖాతపు గాలివానల వృత్తాంతములను, అందు కోరంగి వృత్తాంతమును కూడ, ఓడల దినచర్య పుస్తకముల నుండి ఏరి కూర్చెను. 1848లో నావికుల కొరకు ఆయన ప్రకటించిన పుస్తకములో ఈ గాలివానలకు ‘సైక్లోన్’ అని పేరు పెట్టెను. పాము చుట్ట అను అర్థము గల గ్రీకు పదము నుండి దానిని తీసికొనెను. నేడు లోకమంతయు వాడుచున్న ఆ మాట ఈ విధముగా మన సముద్రము ఒడ్డున పుట్టినది.

పేరు పెట్టుట కంటె ముఖ్యమైనది ఆయన చెప్పిన ఉపాయము. మన అర్ధగోళమున తుఫాను గాలి గడియారపు ముల్లునకు వ్యతిరేకదిశగా తిరుగును. కావున గాలికి ఎదురుగా ముఖము పెట్టి నిలిచిన నావికునకు తుఫాను కేంద్రము కుడిచేతి వైపున, కొంచెము వెనుకకు ఉండును. ఆకాశము కనబడని రాత్రివేళ, ఏ యంత్రమును లేనివాడు కూడ ఇది తెలిసికొనగలడు. కేంద్రము ఎచ్చటనో తెలిసినచో ఎటు పారిపోవలెనో తెలియును. అంతకుముందు పెక్కుమంది కప్తానులు గాలి తోసిన దిక్కునకు ఓడను పోనిచ్చి, తుఫాను కడుపులోనికే నేరుగ పోయిరి.

అయినను ఓడలోనివాడు తుఫాను వచ్చిన తరువాత తెలిసికొనుట వేరు, వచ్చుటకు ముందే ఒడ్డునుండి వానికి తెలుపుట వేరు. ఈ రెండవ పనికి రెండు ఘోరములు కారణమైనవి. 1864 అక్టోబరు 5న కలకత్తాను, ఇరువది ఏడు దినముల తరువాత, అనగా నవంబరు 1న, మన మచిలీపట్నమును తుఫాను ఉప్పెనలు ముంచినవి. ఒక్క బందరు ప్రాంతముననే సుమారు 30,000 మంది మరణించిరి. మరుసటి సంవత్సరము కలకత్తా రేవునకు తుఫాను హెచ్చరిక పద్ధతి ఏర్పడెను. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపితమయ్యెను. రేవులలో పగలు ధ్వజస్తంభము మీద శంకువులు, డోలు ఆకారములు, రాత్రి దీపములు ఎగురవేసి ఓడలకు తెలుపు ఆచారము అట్లు వచ్చినది.

ఇచ్చట శ్రోతలకు ఒక మాట మనవి చేయవలెను. వార్తలలో ‘మూడవ నంబరు’, ‘పదవ నంబరు’ ప్రమాదసూచిక అని వినగానే, నంబరు పెరిగినకొలది గాలి బలము పెరుగునని మనము భావింతుము. అది సగమే నిజము. ఒకటి, రెండు నంబర్లు దూరసముద్రమున వాయుగుండమో, తుఫానో గలదని చెప్పును. మూడు, నాలుగు రేవు వద్ద వాతావరణము చెడుచున్నదనును. అయిదు, ఆరు, ఏడు ఒకే స్థాయి ప్రమాదము. ఎనిమిది, తొమ్మిది, పది అంతకు మించిన మహాప్రమాదము. అయితే ఒక్కొక్క మూటిలోని భేదము బలము కాదు, దిక్కు. తుఫాను తన త్రోవకు రేవును ఎడమవైపున విడిచి దాటునేని అయిదు లేక ఎనిమిది. కుడివైపున విడిచి దాటునేని ఆరు లేక తొమ్మిది. రేవు మీదుగనో, మిక్కిలి చేరువగనో దాటునేని ఏడు లేక పది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినట్టి తాకిడి ఈ చివరి జాతిది. ఇక పదునొకండవది అన్నిటికంటె భయంకరమైనది: వాతావరణ శాఖతో సంబంధము తెగిపోయినదని దాని అర్థము.

దిక్కునకు ఇంత ప్రాధాన్యమెందుకని అడుగవచ్చును. మన తీరమునకు తుఫాను తూర్పునుండి వచ్చును. దాని ఎడమవైపున నున్న రేవులో గాలి నేల మీదినుండి సముద్రము వైపునకు వీచును. కుడివైపున నున్న రేవులో సముద్రము నుండి నేల వైపునకు వీచి, ఓడలను ఒడ్డునకు నెట్టును. ఇందుకు నిదర్శనము విశాఖవాసులు కన్నులార చూచినదే. 2020 అక్టోబరు 13 ఉదయము తీవ్రవాయుగుండము కాకినాడ వద్ద తీరము దాటెను. విశాఖ దానికి కుడివైపున పడినది. తెల్లవారునప్పటికి ‘మా’ అను బంగ్లాదేశపు సరుకుల ఓడ లంగరు నిలువక, తెన్నేటి పార్కు క్రింద రాళ్లమీదికి కొట్టుకొనివచ్చియుండెను. అందులోని 15 మంది నావికులును క్షేమముగా బయటపడిరి. ఓడ మాత్రము ఆ రాళ్లమీదనే నిలిచిపోయి, చూడవచ్చినవారికి వినోదమయ్యెను. తుఫాను రాకముందు రేవు అధికారులు ఓడలను నడిసముద్రమునకు పొమ్మనుట ఈ కారణము చేతనే. నేలమీది మనకు ఒడ్డు అభయస్థానముగా తోచును. నావికునకు గాలివానలో ఒడ్డే శత్రువు. నాలుగు ప్రక్కల నీరు ఉన్నంతసేపు అతనికి ధైర్యము.

దీపముల మాట క్లుప్తముగా చెప్పెదను. భీమునిపట్నమునకు ఉత్తరమున కోనాడ సమీపపు సముద్రములో మునిగియుండు రాళ్లు గలవు. ఓడలు వానిని తప్పించుకొనుటకై 1847లోనే చింతపల్లి గుట్టమీద దీపస్తంభము కట్టబడెను. నావికుల పటములలో అది ‘శాంతపల్లి’ అయినది. విశాఖలో డాల్ఫిన్స్ నోస్ కొండమీది నేటి దీపము 1957 నాటిది.

ఇక మనుష్యుల కథ. కోరంగి, కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుండి మనవారు బర్మాకు వలసపోవుట పందొమ్మిదవ శతాబ్దిలో పెరిగి, ఇరువదవ శతాబ్ది తొలి పాదములో పరాకాష్ఠ నందుకొనెను. రంగూనును మనవారు రంగమనిరి. బర్మావారు తెలుగువారిని కోరంగి రేవు పేరుతో ‘కోరంగీ’లనిరి. రంగము రేవులో మూటలు మోసినవారును, వరిమిల్లులలో పనిచేసినవారును వీరే. బ్రిటిష్ ఇండియా కంపెనీవారి స్టీమర్లలో వీరు కొన్నది డెక్కు టిక్కెట్టు. గది లేదు, మంచము లేదు. పైన కాన్వాసు గుడ్డ, క్రింద తెచ్చుకొన్న చాప. మా తాతగారి అన్నగారు ఒకరు పదునెనిమిదవ యేట అట్లు రంగము పోయి వచ్చినవారు. ప్రయాణము ఎట్లుండెనని అడిగినపుడు ఆయన వాంతులను గూర్చి, వంటపొయ్యి వద్ద తగవులను గూర్చి వివరముగా చెప్పెడివారట. ఓడ మునిగినచో ఏమి చేయవలెనని ఎవరైన చెప్పిరా అని అడుగగా, “ఎక్కేటప్పుడు టిక్కెట్లు లెక్కపెట్టినారు, దిగేటప్పుడు లెక్కపెట్టినారు, మధ్యన మమ్మల్ని లెక్కపెట్టినవాడెవడు?” అని నవ్వెడివారట.

అది వట్టి హాస్యోక్తి కాదు. 1887 మే 25న ‘సర్ జాన్ లారెన్స్’ అను స్టీమరు పూరీ యాత్రికులతో కలకత్తా నుండి ఒడిశాలోని చాంద్‌బాలికి బయలుదేరి, తుఫానులో చిక్కి మునిగిపోయెను. 700 మందికి పైగా పోయిరి. అందులో ఎక్కువమంది స్త్రీలు. మృతుల సంఖ్యను చెప్పు లెక్కలు ఒకదానితో ఒకటి కలియవు. ఆ కాలపు చట్టములు దేశీయ ప్రయాణికుల ఓడలో ఒక్కొక్కరికి ఇంత జాగా ఉండవలెనని, ఓడకు యోగ్యతాపత్రము ఉండవలెనని మాత్రము శాసించెను. జాగాను కొలుచుట సులభము గదా.

ఓడలోని ప్రతి ప్రాణికి ఒక పడవలో చోటుండవలెనను నియమము 1912 ఏప్రిలులో టైటానిక్ మునిగిన పిదపగాని రాలేదు. ఆ ఓడలో సుమారు 2,200 మంది ఉండగా, పడవలలో 1,178 మందికే చోటు. విచిత్రమేమన, చట్టప్రకారము అది తక్కువ కాదు. ఆనాటి బ్రిటిష్ నిబంధనలు పడవల సంఖ్యను ఓడ బరువును బట్టి నిర్ణయించెను గాని మనుష్యులను బట్టి కాదు. ఆ పట్టికయు పదివేల టన్నుల వద్ద ఆగిపోయెను. టైటానిక్ నలువది ఆరువేల టన్నుల ఓడ.

మన రేడియో శ్రోతలు గమనింపవలసిన విషయము ఒకటి ఆ రాత్రి జరిగెను. టైటానిక్‌కు దగ్గరలోనే ‘కాలిఫోర్నియన్’ అను ఓడ మంచు నడుమ ఆగియుండెను. అందులోని ఒకే ఒక వైర్‌లెస్ ఉద్యోగి పగలంతయు పనిచేసి, టైటానిక్ మంచుకొండను ఢీకొనుటకు కొద్ది నిమిషముల ముందే యంత్రమును కట్టి నిద్రకు పోయెను. అంతకు ఎంతో దూరమున నున్న ‘కార్పేథియా’ ఉద్యోగియు పడుకొనుటకు సిద్ధమగుచు, ఇంకను చెవిగొట్టములు తీయకుండుట చేత ఆర్తనాదమును వినెను. 700 మందికి పైగా బ్రతికినది ఆ ఆలస్యము వలన. 1914 జనవరిలో లండనులో కుదిరిన మొదటి అంతర్జాతీయ ఒడంబడిక అందరికి చాలినన్ని పడవలు, రేయింబవళ్లు వైర్‌లెస్ కావలి, ప్రయాణములో అభ్యాసములు విధించెను. ప్రపంచయుద్ధము వలన అది అమలునకు రాలేదు గాని దాని భావములు నిలిచినవి.

ఆ తరువాత ఓడల వైర్‌లెస్ గదులలో ఒక వింత గడియారము ఉండెడిది. గంటకు రెండు పర్యాయములు, పదునైదవ నిమిషము నుండి మూడు, నలువదియైదవ నిమిషము నుండి మూడు నిమిషములు, దాని ముఖముపై ఎఱ్ఱరంగు పూయబడియుండెను. ఆ నిమిషములలో 600 మీటర్ల తరంగము మీద ఓడలన్నియు మౌనము వహించి చెవియొగ్గవలెను. ఎక్కడనో ఒక బలహీనమైన పిలుపు ఉన్నచో అప్పుడు వినబడును. మాటలాడుటయే వృత్తిగా గల నా వంటివానికి ఈ ఏర్పాటు మిక్కిలి నచ్చినది. 1999 ఫిబ్రవరి 1 నుండి ఉపగ్రహములతో గూడిన కొత్త విధానము పూర్తిగా అమలునకు వచ్చి, మోర్సు కావలి ముగిసినది. ఇప్పుడు ఓడ మునిగినచో నీటిపై తేలు చిన్న సాధనము దానంతట అదియే తన స్థానమును ఆకాశమునకు చెప్పును.

ఇప్పుడు మరల మన డెక్కు ప్రయాణికుని వద్దకు వచ్చెదము. 1929లో లండనులో రెండవ ఒడంబడిక కుదిరెను. అందులోనే ఒక మినహాయింపు ఉంచబడెను: యాత్రికులవలె, కూలీలవలె మంచములేని ప్రయాణికులను పెద్దసంఖ్యలో చేరవేయు ఓడలకు ప్రత్యేకనియమములు చేసికొనవచ్చును. ఆ నియమములు 1931లో మన సిమ్లా నగరమున తయారైనవి. సిమ్లా రూల్సు అనియే వానికి పేరు. ఓడలోపలి అడ్డుగోడల విషయమునను, ప్రాణరక్షక సాధనముల విషయమునను అవి సాధారణ ఒడంబడిక కంటె సడలింపులిచ్చినవి. చేసినవారి వాదమును అన్యాయముగా త్రోసివేయరాదు. నియమములన్నియు పూర్తిగా విధించినచో టిక్కెట్టు ధర పేదవాని చేతికి అందదని, సముద్రము వెచ్చనిదని, దారి చిన్నదని వారనిరి. ధర మాట నిజమే. కాని టైటానిక్ మునిగిన పందొమ్మిదేండ్లకు, ఒకే ఓడలో గదిలోని ప్రాణమునకు ఒక కొలత, డెక్కు మీది ప్రాణమునకు మరియొక కొలత అచ్చులో నిలిచెను. సముద్రమునకు ఈ భేదము తెలియదు. 1942లో జపానువారు బర్మాను ఆక్రమించినపుడు ఆ డెక్కు ప్రయాణములే ఆగిపోయి, లక్షలమంది అడవిదారుల పాలైరి. సిమ్లా నియమముల స్థానే కొత్త ఒడంబడిక వచ్చుట 1971 వరకు పట్టినది.

విశాఖ వైపు చూచినచో ఈ మార్పు కంటికి కనబడును. 1948 మార్చి 14న నెహ్రూగారు ‘జల ఉష’ను నీటిలోనికి దింపిన నౌకానిర్మాణశాలయే, తరువాత హిందూస్థాన్ షిప్‌యార్డు అయి, అండమాను ప్రయాణికుల కొరకు ‘స్వరాజ్ ద్వీప్’ను నిర్మించి 1999లో ఇచ్చెను. విశాఖ నుండి పోర్టుబ్లెయిరునకు, అనగా నేటి శ్రీ విజయపురమునకు, నడచిన ఓడలలో అన్నిటికంటె చౌక టిక్కెట్టు ‘బంకు’. ఇనుప చట్రములో ఒకదానిపై ఒకటిగా నున్న పడక అది. సుఖము తక్కువే. కాని ప్రయాణికునకు ఒక పడక, పడకకు ఒక నంబరు ఉన్నవి. రంగము పోయిన మా పెద్దాయనకు లేనివి ఆ రెండే.

ప్రయాణికులను గూర్చి ఇంత చెప్పి కళాసీలను మరచుట న్యాయము కాదు. ఓడలో మొదట ప్రమాదమునకు ఎదురు పోవలసినవారు వారు. 2019 ఆగస్టు 12న విశాఖకు ఎదుట సముద్రములో ‘కోస్టల్ జాగ్వార్’ అను సహాయక నౌకలో నిప్పు అంటుకొనగా, అందులోని 29 మందియు నీళ్లలోనికి దుమికిరి. కోస్ట్‌గార్డువారి ‘రాణీ రాష్మణి’ మొదలగు నౌకలు వెళ్లి 28 మందిని పైకి తీసినవి, వారిలో తీవ్రముగా కాలినవారును ఉండిరి, ఒకరు గల్లంతయిరి. చుట్టును నీరున్నను ఓడకు నిప్పంత భయము వేరొకటి లేదు. పారిపోవుటకు వీధి లేదు. అందుచేతనే ప్రయాణికుల ఓడను నిలువున భాగములుగా విభజించి, ఒక్కొక్క దానికి నిప్పు దాటని గోడలు, తమంత తామే మూసికొను తలుపులు, నీరు చిమ్ము గొట్టములు ఏర్పరతురు. హోటలులో పాత్రలు కడుగు మనిషికి కూడ అగ్నిమాపక అభ్యాసము నేర్పనిదే ఓడ ఎక్కనీయరు.

చివరగా, మనము మొదట విన్న కూత బయలుదేరుటకు ముందే ఎందుకు వినబడుచున్నది? 2012 వరకు, ఎక్కిన ఇరువదినాలుగు గంటలలోపల అభ్యాసము జరిపిన చాలును. ఆ సంవత్సరము జనవరి 13 రాత్రి ఇటలీ తీరమున ‘కోస్టా కాంకార్డియా’ అను విహారనౌక రాతిని తాకెను. ఓడలో 4,200 మందికి పైగా ఉండిరి. ఆ సాయంత్రమే ఎక్కిన సుమారు 700 మందికి అభ్యాసము మరునాడు జరుగవలసియుండెను. ఓడను విడువుడను ఆజ్ఞ గంటకు పైగా ఆలస్యమయ్యెను. ఒడ్డు కంటికి కనబడుచుండగనే 32 మంది మరణించిరి. 2015 జనవరి 1 నుండి, బయలుదేరుటకు ముందో, బయలుదేరిన వెంటనేయో అభ్యాసము జరిగి తీరవలెనని నియమము మారెను. ఆజ్ఞ వెలువడిన ముప్పది నిమిషములలో పడవలన్నియు నిండుమనుష్యులతో నీటిలోనికి దిగగలిగియుండవలెను.

ఓడ కదలుటకు ముందు లోనున్నవారిని లెక్కించుట కూడ ఇప్పుడు విధాయకము. విశాఖ రేవు నుండి విహారమునకు పోవు ఓడలో, ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత ముగిసిన తరువాత, సిబ్బందిలో ఒకరు జాబితా పట్టుకొని వరుసల వెంట నడచుదురు. ఎవరైన రానిచో గది గదికి పోయి, తలుపు తట్టి, పిలుచుకొని వత్తురు.